డెల్టా కింద కొండలు

బెజవాడ నుంచి బందరుకు దాదాపు 70 కిలోమీటర్లు. ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్ళే ఆ దారిలో ఎక్కడ ఆగి తవ్వినా మట్టే. పైన నల్లమట్టి, దాని కింద బంకమట్టి, ఆ కింద ఇసుక, ఇంకా కిందికి పోతే మళ్ళీ మట్టి. ఈ నేలలో పుట్టిన రాయి ఒక్కటి దొరకదు. ఇంటి పునాదిలో పడ్డ బండ, పెరట్లో రుబ్బురోలు, వంటింట్లో సన్నికల్లు, గుడి ముందు బలిపీఠం, రోడ్డు మీద కంకర, అన్నీ బండి మీదో పడవ మీదో లారీ మీదో బయటి నుంచి వచ్చినవే. గుడివాడలోనో అవనిగడ్డలోనో పెరిగిన పిల్ల, నేలలోంచి తలెత్తి నిలబడ్డ రాయిని తన ఊళ్ళో ఒక్కసారి కూడా చూడకుండానే ఇంటర్మీడియట్ పూర్తి చేస్తుంది.

అలాంటి పిల్ల జియాలజీ చదువుతానంటే ఇంట్లో మొదట వినిపించే మాట తెలిసిందే: "రాళ్ళూ రప్పలూ చదివి ఏం చేస్తావే?" ఇంజనీరింగు, డాక్టరీ తప్ప మూడో చదువు సులభంగా లెక్కలోకి రాని ప్రాంతం ఇది. పైగా రాయే లేని ఊరికి రాళ్ళ చదువెందుకన్న అనుమానమూ ఉంటుంది. అయితే కృష్ణా డెల్టా మట్టి కింద కొండలున్నాయి, లోయలున్నాయి. వాటికి బాపట్ల, గుడివాడ, బంటుమిల్లి, కైకలూరు అని పేర్లు కూడా ఉన్నాయి. చమురు, గ్యాస్ వెతికే శాస్త్రజ్ఞుల పటాల్లో ఆ పేర్లు అచ్చయి దశాబ్దాలు దాటింది. ఆ ఊళ్ళ బడుల్లో మాత్రం ఆ సంగతి చెప్పేవాళ్ళు అరుదు.

ఈ నేలను చదవడం మొదలుపెట్టాలంటే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడాలి. ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఎదురుగా అవతలి ఒడ్డున సీతానగరం కొండ, రెంటి నడుమ ఇరుక్కుని కృష్ణ. 1852లో మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్టను ఇంజనీర్లు ఇక్కడే కట్టడానికి ఆ ఇరుకే కారణం. దాని స్థానంలో 1957లో పూర్తయిన బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. ఎగువకు చూస్తే కొండలు, రాతినేల. దిగువకు చూస్తే సముద్రం దాకా ఒండ్రు. కృష్ణా డెల్టా ఒక విసనకర్ర అనుకుంటే దాని పిడి ఇక్కడుంది.

జియాలజీ విద్యార్థికి మొదటి ఏడాది కావలసిన సామాను కొంచెమే. ఒక సుత్తి, పదింతలు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, రాతిపొరల వాలు కొలిచే క్లైనోమీటర్ దిక్సూచి, నోటు పుస్తకం, సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీటు. బెజవాడ ఉన్న షీటు 65 డి. ఈ సామానుతో బెజవాడ కొండ దగ్గరికి వెళితే పైకి కనిపించే రాయి తుప్పు రంగులో, గరుకుగా ఉంటుంది. కొన్నిచోట్ల గోటితో గీరినా పొడి రాలుతుంది. సుత్తితో ఒక మూల కొట్టి లోపలి ముఖం బయటపెడితే అది వేరే రాయిలా ఉంటుంది. దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు గార్నెట్. నవరత్నాల్లో చేరిన గోమేధికం ఈ కుటుంబానిదే. వాటి పక్కన తెల్లటి సన్నటి పీచులా ఉన్నది సిల్లిమనైట్. అక్కడక్కడా నల్లటి రేకులు కనిపిస్తాయి. వాటిని వేలితో రుద్దితే పెన్సిలు మరకలాగే అంటుకుంటుంది. పెన్సిల్లో ఉండేదీ ఈ గ్రాఫైటే.

ఈ రాయి పేరు ఖొండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ ఒడిశాలోని కలహండి ప్రాంతపు రాళ్ళను వర్ణిస్తూ అక్కడి ఖోండు గిరిజనుల పేరు దీనికి పెట్టాడు. తూర్పు కనుమల పొడుగునా బెజవాడ దాకా ఇదే రాయి, దీని పక్కనే బూడిద నీలం రంగులో జిడ్డుగా మెరిసే చార్నోకైట్. ఆ రెండో పేరు కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన రాయి నుంచి వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. సిల్లిమనైట్ నిండా అల్యూమినియం. రాళ్ళు శిథిలమై నీళ్ళలో కొట్టుకుపోయినప్పుడు అల్యూమినియం అంత దండిగా పోగయ్యేది బంకమట్టిలో. కాబట్టి ఖొండలైట్ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద. అది భూమి లోపలికి ఇరవై కిలోమీటర్లకు మించిన లోతుకు దిగిపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, నలిగి, గట్టిపడి, కోట్ల ఏళ్ళ తర్వాత మళ్ళీ పైకి తేలింది. బెజవాడ వైపు కొండలు అలా ఉడికి దాదాపు 160 కోట్ల సంవత్సరాలయింది. దుర్గమ్మ కొండ ఒకనాటి బురదే. దివిసీమ రైతు కాళ్ళకు అంటుకునే జిగటమన్ను దాని చిన్నతనం. డెల్టాలో పుట్టిన విద్యార్థికి ఈ ఒక్క రాయి అర్థమైతే తన పొలం కూడా అర్థమవుతుంది.

బెజవాడకు పడమరగా ఉన్న కొండపల్లి పేరు చెబితే అందరికీ పొణికి కర్ర బొమ్మలే గుర్తొస్తాయి. భూగర్భశాస్త్రవేత్తలకు వేరే కొండపల్లి ఉంది. అక్కడ కరిగిన శిలాద్రవం భూమి లోతుల్లో నెమ్మదిగా చల్లారింది. బరువైన ఖనిజాలు ముందుగా అడుగుకు దిగాయి, తేలికవి పైన మిగిలాయి, కదపకుండా ఉంచిన మజ్జిగలో తేట విడినట్టు. అలా పొరలు పొరలుగా ఏర్పడ్డ రాళ్ళలో క్రోమైట్ కూడా ఉంది. ఒకప్పుడు దాన్ని తవ్వి తీశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం ఈ రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసి కొండపల్లి పేరును ప్రపంచ శిలాశాస్త్ర గ్రంథాల్లోకి తీసుకెళ్ళారు. ప్రకాశం జిల్లాలో అరుదైన క్షారశిలలు గుంపుగా ఉన్న ప్రాంతానికి ఆ జిల్లా పేరే పెట్టి పరిచయం చేసిందీ ఆయనే. మంచి జియాలజిస్టు ఒక చోటును పట్టుకుంటే ఎలా పట్టుకుంటాడో చూడాలంటే లీలానందం రాసిన వ్యాసాలు తిరగేయాలి. ఒకే కొండ చుట్టూ ఏళ్ళ తరబడి ప్రశ్నలు వేస్తూ పోతాడు.

సుత్తి పట్టుకున్న ఆ విద్యార్థి బ్యారేజీ దాటి తూర్పుకు నడిస్తే ఏం చేయాలి? కొట్టడానికి రాయి లేదు. కొండలు ఎటు పోయాయి? తెగిపోయాయా, మునిగిపోయాయా? మునిగితే ఎంత లోతున? జియాలజీ ఒక్కటే చదివినవాడు ఇక్కడ ఆగిపోతాడు. జియోఫిజిక్స్ పని ఇక్కడ మొదలవుతుంది.

భూమ్యాకర్షణ విలువ 9.8 అని బడిలో నేర్పుతారు. అది ఊరూరికీ రవ్వంత మారుతుంది. ఆ మార్పును కొలిచే ప్రమాణానికి గెలీలియో పేరు మీద గాల్ అని పేరు. అందులో వెయ్యో వంతు మిల్లీగాల్. భూమి మొత్తం ఆకర్షణ సుమారు 9,80,000 మిల్లీగాళ్ళు. లోపల సన్నటి స్ప్రింగుకు చిన్న బరువు వేలాడే గ్రావిమీటర్ అనే పరికరం, ఒక మిల్లీగాల్‌లో వందో వంతు తేడాను కూడా పట్టుకుంటుంది. కాలి కింద బరువైన రాయి దగ్గరగా ఉంటే ఆకర్షణ కాస్త పెరుగుతుంది, తేలికైన మట్టి మందంగా ఉంటే కాస్త తగ్గుతుంది. లెక్క ఎవరైనా చేసి చూసుకోవచ్చు: ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగే రాయి ఉండాల్సిన చోట 2.3 గ్రాములు తూగే మట్టీ ఇసుకా ఒక కిలోమీటరు మందాన ఉంటే దాదాపు 17 మిల్లీగాళ్ళు తగ్గుతుంది. పరికరానికి అది కొట్టొచ్చినట్టు కనబడే తేడా.

ఈ పనిలో డెల్టాకు ఒక వరం ఉంది. గ్రావిమీటరును మూడు మీటర్లు పైకి తీసుకెళ్ళినా దాదాపు ఒక మిల్లీగాల్ పడిపోతుంది. అందుకే కొండ ప్రాంతంలో ప్రతి చోటా ఎత్తును జాగ్రత్తగా సవరించాలి, పక్కనున్న కొండ తన వైపు లాగే లాగుడును కూడా లెక్కగట్టి తీసేయాలి. డెల్టాలో మైళ్ళ తరబడి నేల ఒకటే మట్టం. సుత్తికి పని లేకుండా చేసిన ఆ చదునే గ్రావిమీటరుకు పని తేలిక చేస్తుంది.

అలా ఊరూరా కొలిచి, సమాన విలువలున్న చోట్లను గీతతో కలిపితే డెల్టా మట్టి కింద దాగిన ఆకారం తేలింది. అది వరిచేను ఆకారం. గట్లు, మడులు, మళ్ళీ గట్లు. నైరుతి నుంచి ఈశాన్యానికి, తీరానికి సమాంతరంగా సాగుతాయి. బాపట్ల దగ్గర ఒక గట్టు, తణుకు దగ్గర ఇంకో గట్టు. బాపట్ల గట్టుకు పడమట కృష్ణా మడి, తణుకు గట్టుకు తూర్పున తూర్పు గోదావరి మడి, నడుమ పశ్చిమ గోదావరి మడి. ఈ నడిమి మడిని కాజ–కైకలూరు గట్టు మళ్ళీ రెండుగా చీలుస్తుంది: ఒకటి గుడివాడ మడి, రెండోది బంటుమిల్లి మడి. శాస్త్ర గ్రంథాల్లో గట్టును హోర్స్ట్ అనీ, మడిని గ్రాబెన్ అనీ జర్మన్ మాటలతో పిలుస్తారు. గట్లలో ఉన్నది బెజవాడ కొండల జాతి రాయే. కొండలు ఎక్కడికీ పోలేదు, కూరుకుపోయాయి.

ఎందుకు కూరుకుపోయాయంటే, దాదాపు 13 కోట్ల ఏళ్ళ కిందటి వరకు ఈ తీరం తీరం కాదు. అంటార్కిటికా ఇక్కడ అతుక్కుని ఉండేది. తూర్పు కనుమల రాళ్ళకు జోడు రాళ్ళు నేటికీ తూర్పు అంటార్కిటికాలో కనిపిస్తాయి. రెండు ఖండాలు విడిపోయేటప్పుడు మధ్య నేల సాగి, బీటలు వారి, కొన్ని ముక్కలు కిందికి జారాయి, కొన్ని నిలబడ్డాయి. జారిన చోట్ల నదులు మట్టి నింపుతూ వచ్చాయి. కొన్నిచోట్ల ఆ మట్టి, ఇసుక, సున్నపురాళ్ళ మందం అయిదు కిలోమీటర్లు దాటింది.

ఆ పొరలకూ ఊళ్ళ పేర్లే. 19వ శతాబ్దంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఈ ప్రాంతమంతా తిరిగిన విలియం కింగ్, పొరలు నేల మీద బయటపడిన చోట్ల పేర్లనే వాటికి పెట్టాడు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేలు, తిరుపతి ఇసుకరాయి. చివరి పేరు దగ్గర ఎక్కడి విద్యార్థులైనా తికమకపడతారు. ఆ తిరుపతి ఏడుకొండల తిరుపతి కాదు, చిన్న తిరుపతి అని జనం పిలుచుకునే ద్వారకా తిరుమల. రాఘవాపురం షేలు అన్న నల్లటి మట్టిపొర ఇవాళ చమురు నిపుణులకు ముఖ్యం. ఒకనాటి సముద్రజీవుల కొవ్వును దాచుకుని, లోతున వేడెక్కి, గ్యాసునూ చమురునూ పుట్టించిన పొరల్లో అదొకటి. 1970ల చివర్లో నర్సాపురం దగ్గర ఓఎన్‌జీసీ బావి తవ్వితే గ్యాస్ తగిలింది. ఆ తర్వాత కైకలూరు, నాగాయలంక లాంటి పేర్లు చమురు పటాల మీదికి ఎక్కాయి. 2001లో అమెరికన్ పెట్రోలియం జియాలజిస్టుల సంఘం పత్రికలో జి.ఎన్. రావు ఈ బేసిన్ పొరల కథంతా రాశారు. ఈ ప్రాంతం మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్నే ముందు చదువుతారు.

తీరం దాటితే కథ సముద్రంలోకి సాగుతుంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక కృష్ణా–గోదావరి తీరానికి ఆవల లోతు సముద్రంలో నేలను తవ్వి, 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ ఉన్న పొరను కనుక్కుంది. మీథేన్ వాయువును తనలో బంధించుకున్న మంచు అది. చూడడానికి మంచుగడ్డే, అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. ప్రపంచంలో అప్పటిదాకా దొరికిన సమృద్ధమైన హైడ్రేట్ నిక్షేపాల్లో అదొకటి.

ఈ చదువు తెలుగునాట ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు జవాబు మళ్ళీ బెజవాడ దగ్గరే మొదలవుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు తరలిపోయింది. అక్కడి భూగర్భశాస్త్ర శాఖకు 1945లో కళామూర్ మహదేవన్ వచ్చారు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన మనిషి. బొగ్గు లోపలి అమరికను ఎక్స్‌రేలతో చూసిన అనుభవం, హైదరాబాదు సంస్థానపు భూగర్భ సర్వేలో కాళ్ళరిగేలా తిరిగిన అనుభవం, రెండూ ఆయనకున్నాయి. భౌతికశాస్త్రం తెలియని జియాలజీ కుంటిదని ఆయన తన పనితోనే చూపించారు. 1949లో అదే విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ బోధన మొదలైంది. దేశంలో ఈ చదువును ముందుగా అందుకున్న చోట్లలో వాల్తేరు ఒకటి. మహదేవన్ శిష్యుల్లో ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ అణుభూగర్భశాస్త్రంలో పేరు తెచ్చుకుని, తర్వాత మొజాంబిక్ దాకా వెళ్ళి బోధించారు. గురువు పేరు మీద హైదరాబాదులో నీటి వనరుల కేంద్రం పెట్టారు.

1950లలో ఇ.సి. లఫాండ్ అనే అమెరికన్ సముద్రశాస్త్రవేత్త వాల్తేరు వచ్చి విద్యార్థులను నౌకాదళ ఓడలెక్కించారు. ఓడ అడుగు నుంచి శబ్దం వదిలి, అది సముద్రపు నేలను తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కట్టే పని. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. రెండు సెకన్లకు తిరిగొస్తే లోతు 1,500 మీటర్లు. అలా కొలుస్తూ పోతే తీరపు వాలు మీద లోతైన కందకాలు కనిపించాయి. 1964లో లఫాండ్ రాసిన వ్యాసంలో మూడింటికి పేర్లున్నాయి: ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. బంగాళాఖాతం అడుగున ఒక తెలుగు విశ్వవిద్యాలయపు ఆచార్యుడి పేరు అలా నిలిచిపోయింది. మహదేవన్ అప్పటికి రెండేళ్ళ కిందటే, 1962లో, కన్నుమూశారు.

హైదరాబాదులో 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ ఎన్‌జీఆర్‌ఐ అని పిలిచేది, ఏర్పడింది. ఉస్మానియాలో వి.ఎల్.ఎస్. భీమశంకరం అన్వేషణ జియోఫిజిక్స్‌కు ప్రత్యేక కేంద్రాన్ని నిలబెట్టారు. కావలి నుంచి ఉడుపి దాకా తీరం నుంచి తీరానికి 600 కిలోమీటర్ల పొడవున చిన్న చిన్న పేలుళ్ళు జరిపి, భూమి పొట్టలోకి తొంగిచూసిన సర్వే ఎన్‌జీఆర్‌ఐదే.

ఇంత పెద్ద పనుల పక్కన, డెల్టా రైతుకు సూటిగా అక్కరకొచ్చే పని ఒకటి చాలా చిన్నది. నాలుగు ఇనుప మేకులు, వైరు చుట్టలు, ఒక బ్యాటరీ, ఒక మీటరు. కోడూరు, నాగాయలంక వైపు తీరానికి దగ్గరి ఊళ్ళలో బోరు వేయడం జూదం లాంటిది. ఒక చేలో మంచినీళ్ళు, పక్క చేలో ఉప్పునీళ్ళు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటిజాడ చెప్పేవాళ్ళను నమ్మి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. జియోఫిజిక్స్ విద్యార్థి అక్కడ నాలుగు మేకులను ఒకే వరుసలో నేలలో దిగ్గొడతాడు. బయటి రెండు మేకుల నుంచి కరెంటు పంపుతాడు, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూస్తాడు. ఎండు నేలైతే మేకు మొదట్లో చెంబుడు నీళ్ళు పోస్తాడు, లేకపోతే కరెంటు దిగదు. బయటి మేకులను దూరం జరిపే కొద్దీ కరెంటు మరింత లోతు నుంచి తిరిగొస్తుంది. ఒక్కో దూరానికి ఒక్కో విలువ రాసుకుని గ్రాఫు మీద పెడితే కింది పొరల జాడ తెలుస్తుంది.

విలువల తేడా పెద్దదే. సముద్రపు నీటి నిరోధకత ఓమ్ మీటర్లలో సుమారు 0.2. పగుళ్ళు లేని గట్టి రాయికి వేలల్లో ఉంటుంది. మంచినీళ్ళున్న ఇసుక ఈ రెంటికీ నడుమ, పదుల్లో వస్తుంది. అయితే అసలు చిక్కు డెల్టాలోనే ఎదురవుతుంది. బంకమట్టి కూడా కరెంటును బాగా మోస్తుంది. మీటరులో 3 అని వస్తే అది ఉప్పునీళ్ళున్న ఇసుకా, ఉప్పు తగలని బంకమట్టా? మీటరు ఆ సంగతి చెప్పదు. అది చెప్పగలిగేది ఆ ఊరి పాత బావుల మట్టిని చూసినవాడు, ఇక్కడ వెయ్యేళ్ళ కిందట పాయ పారిందో మడ అడవి ఉండేదో గుర్తుపట్టగలిగినవాడు, అంటే జియాలజిస్టు. ఒకడి దగ్గర అంకెలున్నాయి, ఇంకొకడి దగ్గర కథ ఉంది. రెండు శాఖలనూ వేర్వేరు గదుల్లో, ఒకరి పాఠం ఒకరు వినకుండా బోధించే పద్ధతి ఈ నేలకు నష్టం చేస్తుంది. ఆ మాట గట్టిగానే చెప్పాలి.

2024 డిసెంబరు 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది. బెజవాడలోనూ జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 210 కిలోమీటర్లు. మొదటి తరంగం సెకనుకు 6 కిలోమీటర్ల చొప్పున 35 సెకన్లలో వస్తుంది. మెల్లగా, బలంగా ఊపే రెండో తరంగం 3.5 కిలోమీటర్ల చొప్పున నిమిషానికి వస్తుంది. మధ్యలో 25 సెకన్లు. భూకంప కేంద్రం ఎంత దూరాన ఉందో తేల్చే మొదటి పాఠం ఈ తేడాయే. బీఎస్సీ విద్యార్థి ఫోన్‌లోని గడియారంతో ఆ పొద్దున ఈ లెక్క కట్టి ఉండొచ్చు.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. 1985లో మెక్సికో నగరాన్ని కూల్చిన భూకంపం పుట్టింది 350 కిలోమీటర్ల అవతల. నగరంలో ఎక్కువగా దెబ్బతిన్నది పాత చెరువు మట్టి మీద కట్టిన భాగం. మెత్తటి మట్టి తరంగాన్ని గిన్నెలో నీళ్ళలా ఊపుతుంది. బెజవాడలో కొండ పక్క ఇళ్ళు రాతి మీద, పటమట వైపు అపార్టుమెంట్లు కృష్ణ, బుడమేరు తెచ్చిన ఒండ్రు మీద నిలబడ్డాయి. 2002 నాటి భూకంప పటం ప్రకారం ఈ ఊరు మూడో మండలంలో ఉంది. ఏ వీధి కింద ఎంత మందం మట్టి ఉందో తెలియడం ఇంజనీరుకు అవసరం. దాన్ని కొలిచేది జియోఫిజిక్స్ చదివినవాళ్ళు.

రాతి మీద ఉన్నవాళ్ళు కూడా నిశ్చింతగా లేరు. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఖొండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ నీళ్ళకు కుళ్ళి బంకమట్టిగా మారుతుంది, రాతి పొరల మధ్య జారుడు పూతలా నిలుస్తుంది. పొరల వాలు ఇంటి వైపు ఉంటే ప్రమాదం, కొండ లోపలికి ఉంటే కాస్త నయం. ఆ వాలును కొలిచే పరికరం మొదటి ఏడాది విద్యార్థి జేబులో ఉండే క్లైనోమీటరే. బెజవాడ కొండల అంచున ఉన్న ప్రతి వీధి వెనకా ఒక్కసారి ఈ కొలతలు తీసి పటం గీయడం ఒక ఎమ్మెస్సీ బృందం ఒక సీజనులో చేయగల పని.

ఇక డెల్టా చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోట, నేల పెరగాల్సింది పోయి తరుగుతోంది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచ డెల్టాల మీద ప్రచురించిన అధ్యయనంలో కృష్ణ డెల్టాకు చేరే ఒండ్రు 94 శాతం తగ్గిందని తేలింది. రిజర్వాయర్ల వెనకే మట్టి ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. నాగేశ్వరరావు ఈ తీరపు పాత ఇసుక దిబ్బలను ఏళ్ళపాటు వెతికి గుర్తించారు. ఒక్కో దిబ్బ ఒకనాటి సముద్రపు ఒడ్డు. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రేవుగా పేర్కొన్న ఊరు నేటి ఘంటసాల అని పండితులు గుర్తించారు. ఆ ఘంటసాల ఇప్పుడు సముద్రానికి చాలా దూరంలో, వరిచేల నడుమ ఉంది. వేల ఏళ్ళు ముందుకు జరిగిన తీరం ఇప్పుడు వెనక్కి తిరిగితే ఆ కొలతలు ఎవరు తీస్తారు?

చదివితే పని దొరుకుతుందా అన్న ఇంటి పెద్దల ప్రశ్న న్యాయమైనదే. యూపీఎస్సీ జియో-సైంటిస్టు పరీక్ష నిర్వహిస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు, కేంద్ర భూగర్భ జల మండలికి నియామకాలు దాని ద్వారానే. ఓఎన్‌జీసీ, సింగరేణి, ఎన్‌ఎండీసీ, యురేనియం వెతికే అణు ఖనిజ డైరెక్టరేట్, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, అన్నిటికీ ఈ చదువు కావాలి. చివరి మూడింటి ప్రధాన కార్యాలయాలు హైదరాబాదులోనే ఉన్నాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, బీఎస్సీలో గణితం, భౌతికశాస్త్రం తీసుకున్నవాళ్ళకు జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ తలుపు తెరిచే ఉంది. డెల్టా ఇళ్ళలో ఎంపీసీ చదివినవాళ్ళకు కొదవ లేదు. ఇంజనీరింగు సీటు రాలేదని దిగులుపడే పిల్లలకు ఈ దారి ఉందని చెప్పేవాళ్ళకే కొదవ.

డెల్టా బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. పిల్లల్ని ఒక్క ఆదివారం కొండపల్లి తీసుకెళ్ళండి. క్వారీల్లోకి వద్దు, కోటకెక్కే దారి పక్కన కనిపించే రాయి చాలు. వందరూపాయల భూతద్దం ఒకటి పట్టుకెళ్ళండి. ఆ రాయిని ఎలా చూడాలో చూపించి, ఈ కొండల జాతి రాయే మన గుడివాడ కింద, మన కైకలూరు కింద ఉందని చెప్పండి. ఎంత లోతున ఉందని ఒక పిల్లైనా తప్పకుండా అడుగుతుంది. ఆ పిల్ల పేరు రాసిపెట్టుకోండి.